బండి ఊపేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు

ఆత్మకూరు నుంచి నెల్లూరు దాదాపు 60 కిలోమీటర్లు. నెల్లూరు నుంచి చెన్నై మరో 175. సోమశిల, ఉదయగిరి వైపు వాళ్లకు ఈ లెక్క మొదలవడానికి ముందే ఇంకొంత దారి ఉంటుంది. చెన్నై శివార్లలో 2025 డిసెంబరులో వండర్లా సంస్థ కొత్త వినోద పార్కు తెరిచింది. హైదరాబాద్ పక్కన రావిర్యాలలోది 2016 నుంచీ ఉంది. ఫోన్లో ఆ పార్కుల రోలర్ కోస్టర్ రైళ్లు తలకిందులుగా తిరగడం చూసిన పిల్లలకు కిలోమీటర్లు కనపడవు. పెద్దవాళ్లకు కనపడేవి అవే. బస్సు ఛార్జీలు, టికెట్లు, లోపల తిండి ఖర్చు, ఒక రాత్రి బస, రెండు రోజుల పని పోవడం. ఎంతో కష్టపడి అక్కడికి చేరాక, ఆరేళ్ల పిల్లను ఎత్తు కొలిచే గీత దగ్గర నిలబెట్టి పెద్ద రైడ్లకు పనికిరాదని పక్కకు పంపేస్తారు. అందుకే ఈ మధ్య సెలవులు రాగానే ఇంట్లోనే పార్కు అనే మాట వినిపిస్తోంది. యూట్యూబ్‌లో రోలర్ కోస్టర్ ముందు సీటు నుంచి తీసిన వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. టీవీ ముందు కుర్చీలు వరసగా వేసి, ఫ్యాను పెట్టి, పిల్లల్ని కూర్చోబెడితే ఒక రోజు గడిచిపోతుందని లెక్క. ఆలోచన మంచిదే. కాకపోతే చాలా ఇళ్లలో అది అరగంటకే చప్పబడి, ఆ తర్వాత మామూలు టీవీ ఆదివారమైపోతుంది. కారణం పిల్లల చంచలత్వం కాదు. పార్కును తెరతో మొదలుపెట్టడం. వర్చువల్ అంటే తెర అనుకోవడంలోనే పొరపాటుంది. బొమ్మ ఎప్పుడూ సగం పనే చేస్తుంది, మిగతా సగం బండి ఊపేవాళ్లది. ఆ ఊపే పని పిల్లల చేతికి ఎంత ఎక్కువ వస్తే పార్కు అంత పార్కవుతుంది.

ఈ మాటకు సాక్ష్యం సినిమా పుట్టిన కొత్తల్లోనే దొరుకుతుంది. అమెరికాలో కాన్సస్ సిటీ అగ్నిమాపక దళానికి అధిపతిగా పనిచేసిన జార్జ్ హేల్ 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనలో ఒక వింత పెట్టాడు. చూడటానికి అది రైలు పెట్టె. టికెట్ కొని లోపలికెళ్లి కూర్చుంటే ఎదురుగా తెర మీద, ఇంజను ముందు నుంచి తీసిన పట్టాలు, కొండలు, లోయలు పరుగెత్తుకొచ్చేవి. మరుసటి ఏడాదికి అది హేల్స్ టూర్స్ పేరుతో పార్కుల్లోకి వచ్చి కొన్నేళ్లు బాగా నడిచింది. ఇప్పుడు మన ఫోన్లలో చూసే రైడ్ వీడియోకు ముత్తాత అదే. అయితే జనాన్ని కూర్చోబెట్టింది ఒక్క తెరే కాదు. కూర్చున్న పెట్టెను ఊపేవారు, చక్రాల చప్పుడు వినిపించేవారు, ఈల వేసేవారు, మొహాలకు గాలి కొట్టించేవారు. తెర మీద మలుపు వచ్చినప్పుడు పెట్టె కూడా ఒరిగితేనే కడుపులో ఏదో కదిలేది. అలా 120 ఏళ్ల కిందటే తేలిపోయిన సంగతిని మనం ఇప్పుడు పెద్ద టీవీ కొని మరిచిపోతున్నాం.

మన తిరణాలలకైతే ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కరెంటు మోటారు రాక ముందు రంగులరాట్నాన్ని తిప్పింది మనుషులే. ఇప్పటికీ చిన్న ఊళ్ల జాతర్లలో చేత్తో తోసే చిన్న రాట్నాలు కనిపిస్తాయి. ఎక్కిన పిల్లల కళ్లు ఆకాశం మీద ఉంటే, చుట్టూ చేరిన పిల్లల కళ్లు మాత్రం తిప్పేవాడి మీద ఉంటాయి. తోలుబొమ్మలాటదీ అదే తీరు. బొమ్మలు చేసే ఊళ్ల పేర్లు చెప్పమంటే అనంతపురం వైపు నిమ్మలకుంటతో పాటు మన నెల్లూరు జిల్లా డీసీపల్లి పేరూ వస్తుంది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. తెర మీద ఆడేది చర్మం మీద రంగులద్దిన పలచని బొమ్మ. యుద్ధం వచ్చినప్పుడు తెర వెనక ఆటగాళ్లు కాళ్ల కింద చెక్కపలకల్ని దబదబ తొక్కుతారు. ఆ తొక్కుడు లేకపోతే రావణుడు పది తలలతో ఉన్నా నీడగానే మిగులుతాడు. బయస్కోపు పెట్టె మోసుకొచ్చే మనిషి కూడా ఒట్టి బొమ్మలు చూపించలేదు. పాట పాడాడు, చేతిలో చప్పుడు చేశాడు, పిల్లల తలలు ఆ రంధ్రాల దగ్గర ఎంతసేపు ఉండాలో తనే నిర్ణయించాడు. ఊరు దాటని పిల్లలకు పట్నం చూపించిన ఆ పెట్టెను వర్చువల్ అని ఎవరూ అనలేదు గానీ, అంతకన్నా ఖచ్చితమైన వర్చువల్ ఇంకేముంది?

ఇక ఇంట్లోనే ఒక లోకం కట్టడం మాటకొస్తే, తెలుగిళ్లకు బొమ్మలకొలువు ఉండగా డిస్నీలాండ్ దగ్గరికి పాఠానికి పోనక్కర్లేదు. కొన్ని చోట్ల దసరాకి, కోస్తాలో ఎక్కువగా సంక్రాంతికి పెడతారు. పాత పెట్టెలు, పీటలు ఒకదాని మీద ఒకటి పేర్చి మెట్లు కట్టి, మీద తెల్లటి బట్ట పరిచి, పై మెట్టు దేవుళ్లకు, కింది మెట్లు మనుషులకు ఇచ్చి, ముందు నేల మీద ఊరు కడతారు. మట్టిలో ఆవాలో రాగులో చల్లి నాలుగు రోజుల్లో పచ్చిక మొలిపిస్తారు. అద్దం ముక్క చెరువవుతుంది. చెరువు పక్కన గుడి, గుడి ముందు రథం, రథం పక్కన ప్లాస్టిక్ పోలీసు, ఆయన పక్కన ఎక్కడి నుంచో వచ్చి చేరిన బస్సు. కొలతలు ఏవీ కుదరవు, పోలీసు గుడి కన్నా ఎత్తుగా ఉంటాడు, అయినా చూసినవాళ్లెవరూ తప్పు పట్టరు. సాయంత్రం పేరంటాళ్లు వస్తారు, శనగలు పంచుతారు. ఆ లోకాన్ని తీసేదాకా ఇంట్లో పిల్లలే దానికి కాపలాదారులు, మార్గదర్శకులు. పార్కుకు కావలసిన సరుకంతా ఇందులో ఉంది. రోజువారీ ఇంటి నుంచి వేరు చేసిన ఒక జాగా, దానికంటూ కొన్ని నియమాలు, బయట నుంచి వచ్చి చూసే జనం, చివర నోట్లో వేసుకోవడానికి ఏదో ఒకటి. లేనిదల్లా కళ్లు తిరగడం ఒక్కటే.

ఆ ఒక్కటీ తక్కువది కాదు. ఫ్రెంచి రచయిత రోజే కయ్‌వా 1958లో ఆటల మీద రాసిన పుస్తకంలో మనుషుల ఆటలన్నిటినీ నాలుగు కుప్పలుగా పోశాడు. పోటీ, అదృష్టం, వేషం, నాలుగోది కళ్లు తిరగడం. లోకంలో ఏ మూల పిల్లలైనా గిర్రున తిరిగి, తూలి, కిందపడి నవ్వుతారని, రంగులరాట్నం ఆ కోరికకు పెద్దవాళ్లు కట్టిన యంత్రమనీ ఆయన లెక్క. మనకు యంత్రం లేకుండానే ఒప్పులకుప్ప ఉంది. ఇద్దరు ఆడపిల్లలు చేతులు అడ్డంగా పట్టుకుని, కాళ్లు దగ్గరగా పెట్టి, వెనక్కి వాలి తిరిగితే చెవి లోపలి సన్నటి గొట్టాల్లో ఉన్న ద్రవమూ తిరుగుతుంది. తిరగడం ఆపగానే మనిషి ఆగుతుంది, ద్రవం వెంటనే ఆగదు. కళ్లు ఆగామంటాయి, చెవి లేదంటుంది. నేల ఊగుతుంది. ఈ చెవి సంగతుల మీద చేసిన పనికే రాబర్ట్ బారనీకి 1914 నోబెల్ బహుమతి వచ్చింది. తెర ముందు కూర్చున్న పిల్లలకు జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. కళ్లు పడిపోతున్నామంటాయి, చెవి కుర్చీలోనే ఉన్నామంటుంది. మొదటి రెండుసార్లు కళ్లు గెలుస్తాయి, పిల్లలు అరుస్తారు. మూడోసారి నుంచి చెవి గెలుస్తుంది, ఇక ఆవులింతలే. కొందరికి మధ్యలో తల తిప్పుతుంది, అది వేరే బాధ. డిస్నీలాండ్‌లో 1987లో స్టార్ టూర్స్ పెట్టినప్పుడు విమానాలు నడపడం నేర్పే కృత్రిమ యంత్రాల్ని తెచ్చి వాడింది అందుకే. తెర మీద ఓడ ముందుకు దూకినప్పుడు గదిని వెనక్కి ఒరగదీస్తే, వీపు సీటుకు ఆనుకుని, వేగం పుంజుకున్నట్టు ఒళ్లు నమ్ముతుంది. భూమి లాగే బలాన్నే వేగంలా అమ్మడం అన్నమాట. ఆ కిటుకుకు కోట్ల రూపాయల యంత్రమే అక్కర్లేదు, మాసిన బట్టల బుట్ట చాలు.

2020 మార్చిలో డిస్నీలాండ్ మూతపడి మరుసటి ఏడాది ఏప్రిల్ 30 దాకా తెరవనప్పుడు, ఇళ్లలో ఇరుక్కున్న కుటుంబాలు పిల్లల్ని బుట్టల్లో, తోపుడు బండ్లలో, కుర్చీల్లో కూర్చోబెట్టి రైడ్లను తిరిగి ఆడుకున్న వీడియోలు లోకమంతా తిరిగాయి. వాటిని జాగ్రత్తగా చూస్తే బాగున్నవాటన్నిటిలో ఒకటే గుణం. తెర చిన్నదో పెద్దదో గానీ, బుట్ట పట్టుకున్న మనిషి దారిని ముందే చదువుకుని ఉంటాడు. మనింట్లో చేసేటప్పుడు కూడా అదే మెలకువ. వీడియోను ముందు ఒకసారి ఊపేవాళ్లే చూడాలి. ఎక్కడ ఎక్కుతుంది, ఎక్కడ దిగుతుంది, ఏ మలుపు ఏ పక్కకి అన్నది కాగితం మీద బాణం గుర్తులుగా గీసుకోవాలి. ఆ తర్వాత గట్టి బుట్టో లోతైన ప్లాస్టిక్ టబ్బో పరుపు మీద పెట్టి, అడుగున దిండు వేసి, పిల్లను కూర్చోబెట్టి, రెండు పక్కలా ఇద్దరు పట్టుకోవాలి. బండి కొండ ఎక్కుతున్నంతసేపూ వెనక్కి వాల్చి, నెమ్మదిగా, టకటకమని చప్పుడు చేస్తూ కదపాలి. శిఖరం మీద ఒక్క క్షణం అన్నీ ఆపేయాలి. చప్పుడూ ఆపాలి. రైడ్ అంతటికీ ప్రాణం ఆ క్షణంలోనే ఉంది. దిగేటప్పుడు ముందుకు వాల్చి, అదే నిమిషానికి ఫ్యాను వేగం పెంచాలి. మలుపులో బుట్ట ఏ పక్కకు ఒరగాలన్న దాని మీద ఇద్దరు ఊపేవాళ్లకు తగాదా వస్తుంది, రానివ్వాలి. ఆ తగాదా తేలాలంటే బస్సు మలుపు తిరిగినప్పుడు మనం ఏ పక్కకు పడతామో గుర్తు చేసుకోవాలి మరి. ఫిజిక్సు పుస్తకంలో ఎనిమిదేళ్ల తర్వాత రాబోయే పాఠం అక్కడ బుట్టలో జరిగిపోతుంది.

నీళ్ల రైడ్ విషయంలో సోమశిల చుట్టుపక్కల పిల్లలకు మిగతావాళ్లకు లేని ఒక అదృష్టం ఉంది. వాళ్లకు ఆనకట్ట అంటే పాఠంలోని బొమ్మ కాదు. పెన్నా మీద 78 టీఎంసీల జలాశయం, గేట్లు ఎత్తిన రోజు చూడటానికి వచ్చే జనం, కండలేరు వైపు వెళ్లే నీళ్లు, అక్కడి నుంచి తెలుగుగంగ పేరుతో చెన్నై కుళాయిల దాకా సాగే దారి, ఇవన్నీ ఇంట్లో మాటల్లో వినేవే. 2021 నవంబరులో వచ్చిన పెన్నా వరదను గుర్తుంచుకున్న ఇళ్లు ఎన్నో. పెరట్లోనో మేడ మీదో ఈ సోమశిలనే కట్టించవచ్చు. ఇటుకలు, తడిమట్టి, గేట్లకు ప్లాస్టిక్ డబ్బా మూతల్ని కత్తిరించిన ముక్కలు, వాటికి ట్వైన్ దారం, కింద సగానికి చీల్చిన పీవీసీ పైపు నదిగా, దాని చివర టబ్బు బంగాళాఖాతంగా. పైపు మీద కాగితం పడవలు వదులుతారు. మొదటిసారి మట్టికట్ట కొట్టుకుపోతుంది. రెండోసారీ పోతుంది. గేటు ఒకేసారి ఎత్తితే పడవ బోల్తా పడుతుందని, కొంచెం కొంచెం ఎత్తితే సాఫీగా వెళ్తుందని మూడోసారికి తెలుస్తుంది. అడిగే పిల్లలుంటే ఒక లెక్క కూడా చెప్పవచ్చు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. పదిహేను లీటర్ల బకెట్‌తో మోస్తే దాదాపు 189 కోట్ల బకెట్లు. జలాశయం నిండాలంటే దాన్ని 78తో హెచ్చవేసుకోవాలి, అది వాళ్లకే వదిలేద్దాం. ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం ఆటలేదు. చిన్నపిల్లలకు జానెడు నీళ్లున్న టబ్బు కూడా ప్రమాదమే, పెద్దవాళ్లొకరు కదలకుండా కూర్చోవాలి. ఆట రుచి మరిగి అసలు కాలవ దగ్గరికో జలాశయం అంచుకో వెళ్లకూడదన్నది పార్కు గేటు మీదే రాసిపెట్టాలి. దూలానికి కట్టిన చీర ఉయ్యాలను మెలికలు తిప్పి వదిలే ఆట కూడా ఈ పార్కులో ఉండకూడదు, మెడకు చుట్టుకుంటే ప్రాణాంతకం.

ఇప్పటిదాకా చెప్పినదంతా రైడ్ ఎక్కేవాళ్ల గురించి అనిపించవచ్చు. నిజానికి ఈ రోజు నుంచి ఎక్కువ పట్టుకెళ్లేది ఎక్కేవాళ్లు కాదు, నడిపేవాళ్లు. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగోత్‌స్కీ 1933లో ఆట గురించి ఇచ్చిన ఉపన్యాసంలో కర్రను గుర్రం చేసుకునే పిల్లవాడి ఉదాహరణ తీసుకున్నాడు. కర్ర గుర్రమైన క్షణం నుంచి పిల్లవాడు తన ఇష్టం వచ్చినట్టు ఉండలేడు, గుర్రానికి తగ్గట్టు ఉండాలి. ఊహలోని ఆటకు నియమం ఉంటుంది, ఆ నియమాన్ని ఎవరూ కొట్టకుండానే పిల్లవాడు పాటిస్తాడు. అసలు పార్కులో పిల్లవాడు ఖాతాదారుడు మాత్రమే. టికెట్ తీసుకుంటాడు, క్యూలో నిలబడతాడు, బెల్టు బిగించుకుంటాడు, దిగుతాడు. ఇంటి పార్కులో టికెట్ ధర ఎంతో వాడే తేల్చాలి. తమ్ముడి దగ్గర డబ్బుల్లేకపోతే ఏం చేయాలో తేల్చాలి. ఎత్తు గీత గోడ మీద తానే గీసి, ఆ గీతకు తనే అంగుళం తక్కువ పడితే రూలు మార్చాలా వద్దా అన్నది నలుగురితో వాదించాలి. వామనగుంటల్లో గింజల లెక్క, తొక్కుడుబిళ్లలో గీత మీద కాలు పడిందా లేదా అన్న తగువు, ఇవన్నీ మన ఆటల్లో సగం. ఆడేది పావుగంట, వాదించేది అరగంట. ఆ అరగంటే అసలు ఆటని ఒప్పుకోవడానికి పెద్దవాళ్లకు ఓపిక చాలదు, అది వేరే సంగతి. అందుకే పార్కు తెరిచే రోజు కన్నా దాన్ని కట్టే ముందురోజు ముఖ్యం. శనివారం సాయంత్రం అట్టపెట్టెలు పోగేసి, గేటు కట్టి, పేరు పెట్టి, పటం గీసుకునే పిల్లలకు సగం పార్కు అప్పటికే అందిపోయింది. ఆదివారం పొద్దున అమ్మానాన్నలు అన్నీ సిద్ధం చేసి రండి అని పిలిస్తే దక్కేది మిగతా సగమే.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం సూటిగానే ఉంటుంది. ఇది లేనివాళ్లకు చెప్పే ఓదార్పు కాదా, చెన్నై వెళ్లగలిగినవాడి పిల్లలు నిజం రైలు ఎక్కుతుంటే, వెళ్లలేనివాడి పిల్లలకు బుట్ట చూపించి అదే ఇది అనడం కాదా? అదే ఇది అంటే నిజంగానే తప్పు. ఇంటి గుమ్మానికి వండర్లా అని రాస్తే ఆరేళ్ల పిల్ల కూడా నమ్మదు, నమ్మనిది చూసి చిన్నబుచ్చుకుంటుంది. బొమ్మలకొలువులో అద్దం ముక్కను చెరువంటారు గానీ, అది ఫలానా చెరువని ఎవరూ అనరు. ఇంటి పార్కు కూడా తన పేరుతోనే నిలబడాలి. చెన్నై పార్కు ఇచ్చేది దేహానికి, నిజమైన వేగం, నిజమైన ఎత్తు, తర్వాత చెప్పుకోవడానికి ఒక పెద్ద రోజు. దానికి బదులు లేదు, వీలైనప్పుడు పిల్లల్ని తీసుకెళ్లాల్సిందే. 1893లో షికాగోలో జార్జ్ ఫెర్రిస్ 264 అడుగుల చక్రం నిలబెట్టి, 36 పెట్టెల్లో ఒకేసారి రెండువేల మందికి పైగా తిప్పినప్పటి నుంచీ పెద్ద పార్కు బలం పెద్దతనమే. ఇంటి పార్కు బలం వేరు. ఇక్కడ చక్రం విప్పి చూడవచ్చు. రెండూ చూసిన పిల్లలు చెన్నై క్యూలో నిలబడ్డప్పుడు పైకి మాత్రమే కాదు, మీట పట్టుకున్న మనిషి వైపు కూడా చూస్తారు.

రెండో అభ్యంతరం మరింత గట్టిది, దాన్ని తేలిగ్గా తోసేయడానికి లేదు. ఆదివారం ఎవరి సెలవు? చాలా ఇళ్లలో ఆ రోజే అమ్మకు చాకిరీ రెట్టింపు. బట్టలన్నీ ఆ రోజే, మాంసం కూర ఆ రోజే, వచ్చే చుట్టాలూ ఆ రోజే. ఇప్పుడు దాని మీద పార్కు కూడానా? పత్రికల్లో ఇలాంటి సలహాలు రాసేవాళ్లు అలంకరణలు, నేపథ్యానికి తగ్గ వంటలు, రంగురంగుల బహుమతులు అని పొడుగాటి పట్టీ ఇస్తారు. ఆ పట్టీ మొత్తం ఒక మనిషి నడుము మీద పడుతుంది. ఆ లెక్కన అయితే ఈ పార్కు పెట్టకపోవడమే న్యాయం. అయితే కట్టేది పిల్లలేనన్న మాటను మొదటి నుంచీ నిజంగా పాటిస్తే పెద్దవాళ్ల పని మూడు చోట్లకే కుదించుకుపోతుంది. కత్తీ కత్తెరా పట్టాల్సిన చోట, నీళ్లున్న చోట, కరెంటు ఉన్న చోట. వంట మామూలుదే. పార్కు కొట్టులో బొరుగులు, వేయించిన శనక్కాయలు, బెల్లం ముక్క, నిమ్మకాయ నీళ్లు చాలు. నిమ్మతోటల జిల్లాలో కూల్‌డ్రింకు సీసా కొని తేవడం పైగా అవమానం. ఆ కొట్టు నడపడానికి ఇంట్లో అందరికన్నా తగినవాళ్లు తాతో అవ్వో. కూర్చున్న చోటు నుంచి కదలక్కర్లేదు, చిల్లర లెక్కలో పిల్లలు వాళ్లను మోసం చేయలేరు. నాన్న ఏం చేయాలన్న ప్రశ్న మిగిలిపోయింది. బుట్ట ఊపడానికి బలం కావాలి కదా.

తెరల గురించి భయపడేవాళ్లది మూడో అభ్యంతరం. పిల్లలు ఇప్పటికే ఫోన్లలో మునిగి ఉంటే మళ్లీ వీడియోలా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దు, తగ్గితే ఇంకా మంచిది. కోస్టర్ వీడియో ఒక్కోటి రెండు మూడు నిమిషాలే. మూడు నాలుగు రైడ్లున్న పార్కులో తెర ఒక్క రైడ్‌కే పరిమితమైతే రోజంతా కలిపి అరగంట కూడా పట్టదు. అంటే మామూలు ఆదివారం కన్నా తక్కువే. దీనికి ఎదురు కొసన నిలబడి, బుట్టలు దేనికి, కళ్లకు తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్ కొంటే సరిపోదా అనేవాళ్లూ ఉన్నారు. బొమ్మ చుట్టూ ఉన్నట్టే ఉంటుంది, కాదనలేం. కానీ మెటా కంపెనీ తన హెడ్‌సెట్‌కు పెట్టిన కనీస వయసు 13, అది 2023లో తల్లిదండ్రుల నిఘాతో పదేళ్లకు దిగింది. అంతకన్నా పెద్ద అడ్డు ఇంకొకటుంది. హెడ్‌సెట్ పెట్టుకున్నది ఒక్కరే. మిగతా ముగ్గురూ ఆ ఒక్కరి నోరు తెరిచిన మొహం చూస్తూ తమ వంతు కోసం కూర్చుంటారు. ఊపడానికి వాళ్లకు ఏమీ లేదు. ఇంట్లో క్యూ తెచ్చిపెట్టుకోవడానికి అంత డబ్బు ఎందుకు?

చోటు లేదనే మాట ఎక్కువసేపు నిలవదు. రెండు గదుల ఇళ్లలోనే తొమ్మిది మెట్ల కొలువులు పెట్టారు. వేళ మాత్రం చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆత్మకూరు ఎండలో మధ్యాహ్నం ఏ పార్కూ నడవదు. పొద్దున ఏడు నుంచి పది దాకా ఒక ఆట, ఎండ తిరిగాక అయిదు నుంచి ఇంకో ఆట. నడుమ పడుకున్నవాళ్లు పడుకుంటారు, లేనివాళ్లు నీడపట్టున వైకుంఠపాళి వేసుకుంటారు. రైడ్లు నాలుగు మించితే ఏ ఒక్కటీ సరిగా తయారవదు. ఊరిని బట్టి ఒకటి ఉండాలన్న నియమం పెట్టుకుంటే మంచిది. ఉదయగిరి పిల్లలకైతే కోట ఉండనే ఉంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతుల్లోంచి దాన్ని తీసుకోవడానికి ఏడాదిన్నర ముట్టడి వేయాల్సి వచ్చింది, 1514లో గెలిచి, అక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. దిండ్లు, దుప్పట్లు, నులకమంచం నిలబెట్టి కోట కడితే పిల్లలు ఆ ముట్టడిని సాయంత్రంలోపు ముగించగలరు, లోపల ఎవరుండాలన్న పేచీ తేలితే. తెచ్చిన బాలకృష్ణుడు ఎలాగూ ఇంట్లో అందరికన్నా చిన్నవాడే. భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క గరిటెలు వంటింట్లో ఉంటే గదలకూ గుర్రాలకూ పనికొస్తాయి. కర్ర గుర్రమవుతుందన్నప్పుడు గరిటె ఎందుకు కాకూడదు?

చీకటి పడ్డాక లైట్లు తీసేసి, గుమ్మానికి అడ్డంగా తాత తెల్ల పంచె కట్టి, వెనక నుంచి ఫోన్ టార్చి వెలిగిస్తే చివరి ఆటకు తెర సిద్ధం. అట్టముక్కలు కత్తిరించి చీపురుపుల్లకు గుచ్చిన బొమ్మలు చాలు. దీపానికి దగ్గరగా తెస్తే బొమ్మ గోడంత పెరుగుతుంది, పంచెకు దగ్గరగా తెస్తే వేలంత చిన్నదై అంచులు పదునెక్కుతాయి. ఇది ఎవరూ నేర్పక్కర్లేదు, అయిదు నిమిషాల్లో కనిపెట్టేస్తారు. ముందు కూర్చున్నవాళ్లు కాసేపటికి ఒక్కొక్కరే లేచి తెర వెనక్కి చేరడం మొదలుపెడతారు, చివరికి చూసేవాళ్లు అమ్మా నాన్నా మాత్రమే మిగులుతారు. కింద పీటను తొక్కడానికి ఒకరు, రాక్షసుడి గొంతుకు ఒకరు, టార్చి పట్టుకోవడానికి ఒకరు. అట్టపెట్టెల కోటనూ గేటునూ ఆ రాత్రే విప్పేయమనకూడదు. కొలువు ఎత్తే ముందురోజు రాత్రి ఏదో ఒక బొమ్మను పడుకోబెట్టడం ఆచారం. మిగతావి నిలబడే ఉంటాయి, ఆ ఒక్కటి పడుకుంటే కొలువంతా పడుకున్నట్టు. టికెట్ల డబ్బా మీద ఉన్న ఏనుగు బొమ్మనో, రోజంతా కోటకు కాపలా కాసిన గరిటెనో అలా పక్కకు వాల్చి, మీద చిన్న గుడ్డ కప్పి, పార్కు గేటు మూయవచ్చు.